క్లెయిమ్‌లో నాలుగు స్క్రూలు: ఇంజనీరింగ్ చదివేవాళ్లకి పేటెంట్ల గురించి

పేటెంట్ ఉద్యోగంలో చేరిన రెండో నెలలో నేను రాసిన మొదటి క్లెయిమ్‌ని మా సీనియర్ మేడమ్‌కి చూపించాను. క్లెయిమ్ అంటే పేటెంట్ దరఖాస్తులో ఇంతవరకు నాది అని హద్దు గీసి చెప్పే వాక్యం. అదొక చిన్న పంపు. మూత నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది, లోపల ఒక కొత్త రకం సీల్, కొత్తదనం అంతా ఆ సీల్‌లోనే ఉంది. నేను డ్రాయింగ్‌లో ఉన్నదంతా పొల్లుపోకుండా రాశాను. ఆవిడ చదివి "స్క్రూలు మూడే పెడితే?" అన్నారు. మూడు పెట్టినా పని చేస్తుంది మేడమ్ అన్నాను. "అసలు స్క్రూలే లేకుండా క్లిప్ పెడితే?" అప్పుడూ పని చేస్తుంది అన్నాను. "మరి నాలుగు స్క్రూలు అని ఎందుకు రాశావు? రేపు ఇంకో కంపెనీ నీ సీల్ తీసుకుని మూతకి క్లిప్ పెట్టి అమ్ముకుంటే నీ క్లెయిమ్ వాళ్లని ఆపుతుందా?"

ఆపదు. క్లెయిమ్‌లో రాసిన ప్రతి భాగమూ ఎదుటివాళ్ల వస్తువులో ఉంటేనే అది ఉల్లంఘన, ఒక్కటి లేకపోయినా సాధారణంగా వాళ్లు బయటపడిపోతారు. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి, వస్తువుని కొలతలతో సహా ఉన్నదున్నట్టు చెప్పడమే మంచి పద్ధతి అనుకుని వచ్చినవాడిని నేను. పేటెంట్ రాయాలంటే అందులో ఏది లేకపోతే ఆ ఆలోచనే లేకుండా పోతుందో అది మాత్రమే పట్టుకోవాలని ఆ రోజు తెలిసింది. ఈ పని మీద నాకు ఇష్టం మొదలైంది కూడా అక్కడే.

ఈ మధ్య జూనియర్లు చాలామంది మెసేజ్ చేస్తున్నారు, మా ప్రాజెక్ట్‌కి పేటెంట్ వస్తుందా, ఈ ఫీల్డ్‌లో ఉద్యోగాలుంటాయా, లా చదవాలా అని. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేటెంట్ అంటే ఏమిటో సరిగ్గా పట్టుకోండి, ఎందుకంటే మూడొంతుల అపోహలు ఇక్కడే పుడతాయి. పేటెంట్ ఇతరుల్ని ఆపే హక్కు. నా అనుమతి లేకుండా దీన్ని తయారు చెయ్యొద్దు, వాడొద్దు, అమ్మొద్దు, దిగుమతి చేసుకోవద్దు అనగలగడం, అంతే. మనం తయారు చేసుకోవడానికి అది పర్మిషన్ అనుకుంటారు చాలామంది. నా సీల్‌కి నాకు పేటెంట్ ఉన్నా, ఆ పంపు మీద ఇంకొకరికి పేటెంట్ ఉంటే, నా సీల్ పెట్టిన ఆ పంపుని వాళ్లని అడక్కుండా నేను అమ్మలేను. అలాగే నన్ను అడక్కుండా వాళ్లు నా సీల్ వాడలేరు. అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని లైసెన్సులు రాసుకుంటారు.

ఈ హక్కు ఊరికే రాదు. మీరు కనిపెట్టింది ఎలా పని చేస్తుందో, ఆ రంగం తెలిసిన మనిషి చదివి తను చేసుకోగలిగేంత వివరంగా రాసి లోకం ముందు పెట్టాలి. అందుకు బదులుగా దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి 20 ఏళ్లు హక్కు ఇస్తారు, అదీ రెన్యువల్ ఫీజులు కడుతూ ఉంటేనే. ఆ తర్వాత అది అందరిదీ. ఇంకో విషయం, ఏ దేశం పేటెంట్ ఆ దేశంలోనే చెల్లుతుంది, ప్రపంచమంతా చెల్లే పేటెంట్ అనేది లేదు. "ఇంటర్నేషనల్ పేటెంట్ వచ్చింది" అని ఎవరైనా పోస్ట్ పెడితే చాలాసార్లు అది పీసీటీ (చాలా దేశాలకి కలిపి ఒకే దరఖాస్తు వేసుకోనిచ్చే అంతర్జాతీయ ఒప్పందం) ద్వారా వేసిన దరఖాస్తు అయి ఉంటుంది, ఇంకా ఏ దేశమూ ఏమీ ఇచ్చి ఉండదు.

పేటెంట్ రావాలంటే మూడు పరీక్షలు దాటాలి. పరిశ్రమలో ఉపయోగపడాలి అనేది ఒకటి, ఇంజనీర్లకి దాంతో పెద్దగా ఇబ్బంది ఉండదు. మిగతా రెండూ కొత్తదనం, ఆవిష్కరణలో మెట్టు. అసలు గొడవంతా వీటి దగ్గరే.

కొత్తదనం అంటే మీ దరఖాస్తు తేదీకి ముందు అది ప్రపంచంలో ఎక్కడా, ఏ భాషలోనూ, ఏ రూపంలోనూ బయటపడి ఉండకూడదు. అలా ముందే బయట ఉన్నదాన్ని ప్రయర్ ఆర్ట్ అంటాం. అది పేటెంటే అవ్వాలని లేదు. థీసిస్ కావచ్చు, కేటలాగ్ కావచ్చు, యూట్యూబ్ వీడియో కావచ్చు. ఇంగ్లండ్‌లో 1980ల్లో విండ్‌సర్ఫింగ్ పలక మీద ఒక కేసు నడిచింది. తెరచాపని చేత్తో పట్టుకుని నీళ్ల మీద నిలబడి వెళ్లే ఆ పలకకి 1968 నాటి పేటెంట్ ఉంది. అవతలి కంపెనీ ఒక పాత పత్రికా వ్యాసంతో పాటు ఇంకో సంగతి బయటికి తీసింది. 1958లో పీటర్ చిల్వర్స్ అనే 12 ఏళ్ల కుర్రాడు తను సొంతంగా కట్టుకున్న తెరచాప పలక మీద హేలింగ్ ఐలండ్ దగ్గర అందరూ చూస్తుండగా తిరిగేవాడు. వాడు పేటెంట్ వేయలేదు, ఏమీ రాయలేదు, సెలవుల్లో ఆడుకున్నాడంతే. అయినా అది ప్రయర్ ఆర్టే అయింది, ఆ పేటెంట్ చెల్లదని కోర్టు తేల్చింది. ఈ కేసు చదివిన రోజు నుంచి "ఇది ఇంతవరకు ఎవరూ చేయలేదు సార్" అనే మాట వింటే నేను వెంటనే ఒప్పుకోవడం మానేశాను.

ఇక ఆవిష్కరణలో మెట్టు. వస్తువు కొత్తదే కావచ్చు, కానీ ఆ రంగంలో ఆనుపానులు తెలిసిన మామూలు మనిషికి ఇట్టే తట్టేదైతే పేటెంట్ రాదు. పెన్సిల్ చివర రబ్బరు పెట్టడానికి 1858లో అమెరికాలో హైమన్ లిప్‌మన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. 1875లో అక్కడి సుప్రీంకోర్టు అది చెల్లదంది. పెన్సిల్ పెన్సిల్ పనే చేస్తోంది, రబ్బరు రబ్బరు పనే చేస్తోంది, రెండూ కలవడం వల్ల కొత్తగా పుట్టిన ఫలితం ఏమీ లేదు అని వాళ్ల తర్కం. మన సుప్రీంకోర్టు ముందుకీ 1978లో ఇలాంటిదే వచ్చింది, లేత్ మీద గిన్నెల్ని పట్టి ఉంచే ఒక పద్ధతి. వర్క్‌షాప్‌లో పనివాళ్లు చేసుకునే చిన్న మెరుగుదల చాలదు, అంతకన్నా ఎక్కువ ఉండాలి అని కోర్టు చెప్పింది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో చాలావాటి ఇబ్బంది ఇదే: ఒక సెన్సర్, ఒక కంట్రోలర్ బోర్డు, ఒక మొబైల్ యాప్, మూడూ తమ తమ పనులు విడివిడిగా చేసుకుంటూ ఉంటాయి. వాటిని కలిపేటప్పుడు మీకు ఎదురైన చిక్కు ఏమిటి, దాన్ని ఎలా విప్పారు అన్నదాంట్లో ఏమన్నా ఉంటే ఉండాలి.

మొదట్లో స్క్రూల కథ చెప్పాను కదా, దాన్ని బట్టి క్లెయిమ్ ఎంత విశాలంగా రాస్తే అంత లాభం అనుకోకండి. దానికీ హద్దుంది. కరెంటు బల్బు రోజుల్లో సాయర్, మ్యాన్ అనే ఇద్దరు కాల్చిన కాగితంతో ఫిలమెంట్ చేసి, పీచు ఉన్న ప్రతి పదార్థమూ, బట్ట లాంటి ప్రతి పదార్థమూ మాదే అని క్లెయిమ్ రాశారు. ఎడిసన్ మనుషులు 6000కి పైగా వృక్ష పదార్థాలు పరీక్షిస్తే చివరికి పనికొచ్చినవి కొన్ని వెదురు రకాల లాంటివే. పీచు ఉన్నదల్లా పని చేయనప్పుడు, పని చేసేదేదో మీరు చెప్పనప్పుడు, అంతా మీదే ఎలా అవుతుంది అని 1895లో అమెరికా సుప్రీంకోర్టు ఆ క్లెయిమ్‌ని కొట్టేసింది. మీరు నేర్పినంత మేరకే మీకు హక్కు. చాలా ఇరుకుగా రాస్తే పోటీవాడు పక్క నుంచి వెళ్లిపోతాడు, చాలా వెడల్పుగా రాస్తే పాత వస్తువులు కూడా క్లెయిమ్ లోపలికొచ్చి పేటెంట్‌నే కూల్చేస్తాయి. డ్రాఫ్టింగ్, అంటే దరఖాస్తు రాసే పని, మొత్తం ఈ రెండింటి మధ్యే జరుగుతుంది.

ఇప్పుడు విద్యార్థులుగా మీకు అన్నిటికన్నా అవసరమైన సంగతి. దరఖాస్తు వెయ్యకముందు బయటపెట్టకండి. మా బ్యాచ్‌లో ఒకడు నిజంగా మంచి గేర్ అమరిక ఒకటి చేశాడు. కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెట్టాడు, ఎలా పని చేస్తుందో విప్పి చూపిస్తూ వీడియో అప్‌లోడ్ చేశాడు, అందరూ మెచ్చుకున్నారు. రెండేళ్ల తర్వాత ఒక కంపెనీ ఆసక్తి చూపిస్తే అప్పుడు పేటెంట్ గురించి నన్ను అడిగాడు. వాడి పేటెంట్‌కి అడ్డంగా ఉన్న ప్రయర్ ఆర్ట్ వాడి వీడియోనే. ఫోన్‌లో వాడికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమైందో నాకింకా గుర్తుంది. అమెరికాలో అయితే ఆవిష్కర్త తనే బయటపెట్టినదానికి ఏడాది గడువు ఇస్తారు, వాడికి అదీ దాటిపోయింది. యూరప్‌లో ఆ మినహాయింపు దాదాపు లేనట్టే. భారత చట్టంలో కొన్ని ప్రత్యేక సందర్భాలకే 12 నెలల వెసులుబాటు ఉంది, దాన్ని నమ్ముకుని కూర్చోవడం నాకైతే మంచిదనిపించదు. కోడ్‌ని పబ్లిక్ రిపాజిటరీలో పెట్టడం, థీసిస్ లైబ్రరీలోకి వెళ్లడం, ఎక్స్‌పోలో వచ్చినవాళ్లందరికీ వివరించడం, ఇవన్నీ బయటపెట్టడమే. దరఖాస్తు ఇంకా వెయ్యని ఆలోచనని ఏదో ఒక ఆన్‌లైన్ చాట్ టూల్‌లో అతికించి "దీనికి క్లెయిమ్స్ రాయి" అని అడిగేముందు కూడా, మీరిచ్చిన సమాచారాన్ని ఆ టూల్ ఏం చేసుకుంటుందో దాని షరతుల్లో చదవండి.

పేపర్ తొందరగా పంపాలి, ప్రాజెక్ట్ ఇంకా పూర్తి కాలేదు అనుకుంటే ప్రొవిజనల్ దరఖాస్తు అని ఉంటుంది. మన దేశంలోనూ అమెరికాలోనూ అది వేసి తేదీ పట్టుకుని, 12 నెలల్లోపు పూర్తి దరఖాస్తు వేసుకోవచ్చు. కానీ ప్రొవిజనల్‌లో రాయనిదానికి ఆ తేదీ వర్తించదు, కాబట్టి ఒక పేజీ అబ్‌స్ట్రాక్ట్ పడేసి టెన్షన్ తీరిపోయింది అనుకోవద్దు. వర్కింగ్ మోడల్ ఉండాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు, చేసే విధానం పూర్తిగా రాయగలిగితే చాలు.

హక్కు ఎవరిది అనేది ముందే తేల్చుకోండి. ఆలోచన ఎవరిదైతే వాళ్లే ఆవిష్కర్తలు. ల్యాబ్ ఇచ్చారనో గౌరవం కొద్దీనో ఎవరి పేరూ చేర్చకూడదు, ఆలోచనలో నిజంగా భాగమున్న స్నేహితుడి పేరు వదిలెయ్యనూ కూడదు. యాజమాన్యం సంగతి వేరు, అది కాలేజీ ఐపీ (మేధో సంపత్తి) పాలసీ మీద, ఇంటర్న్‌షిప్‌లో మీరు సంతకం పెట్టిన కాగితం మీద ఆధారపడుతుంది. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టకండి.

కంప్యూటర్ సైన్స్ వాళ్ల ప్రశ్న ఒకటుంటుంది కదా, సాఫ్ట్‌వేర్‌కి పేటెంట్ ఇస్తారా అని. భారత చట్టంలో సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథమ్, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆవిష్కరణలు కావు. యూరప్‌లోనూ ప్రోగ్రామ్ ఒక్కటే అయితే ఇవ్వరు. అమెరికాలో 2014లో ఆలిస్ కేసు తీర్పు తర్వాత, పాత వ్యాపార ఆలోచనని కంప్యూటర్ మీద పెట్టినంత మాత్రాన రాదు అని గట్టిపడింది. కానీ మీ ప్రోగ్రామ్ ఇంజిన్‌లో ఇంధనం చిమ్మే సమయాన్ని సరిచేస్తుంటేనో, నెట్‌వర్క్‌లో వృథాగా తిరిగే ప్యాకెట్లని తగ్గిస్తుంటేనో అక్కడ సాంకేతికంగా ఒక సమస్య ఉంది, దానికి సాంకేతికంగానే ఒక పరిష్కారం ఉంది. అలాంటివాటికి దారి ఉంటుంది. బిల్లులు కట్టించే యాప్‌కి కష్టం.

దరఖాస్తు వేశాక ఏం జరుగుతుందో కూడా చెప్పేస్తాను. సాధారణంగా 18 నెలలకి అది ప్రచురితమవుతుంది. మొదటి దేశంలో వేసిన 12 నెలల్లోపు ఇతర దేశాల్లో వేస్తే మొదటి తేదీయే నిలుస్తుంది, 1883 నాటి పారిస్ ఒప్పందం పుణ్యమా అని. ఏ దేశాలో అప్పుడే తేల్చుకోలేకపోతే పీసీటీ దరఖాస్తు వేసి మొదటి తేదీ నుంచి 30 నెలల దాకా, మన దేశానికైతే 31 నెలల దాకా, ఆలోచించుకోవచ్చు. ఈలోగా పేటెంట్ ఆఫీసులో దరఖాస్తుల్ని పరీక్షించే ఎగ్జామినర్ చదివి అభ్యంతరాలు పంపుతారు, మనం జవాబు రాస్తాం, ఒక్కోసారి క్లెయిమ్స్ కుదిస్తాం. మొదటిసారి అభ్యంతరాలు చూసి పేటెంట్ పోయింది అని భయపడతారు, నిజానికి ఎక్కువ ఫైళ్లకి అది వస్తుంది.

సరే, ఉద్యోగాలు. ఇంజనీర్లు ఎక్కువగా అడుగుపెట్టేది సెర్చ్‌తో. ఒక ఆవిష్కరణ ఇస్తారు, దానికి దగ్గరి పాత పత్రాలు వెతికి పట్టుకోవాలి. వినడానికి తేలికే, కానీ పేటెంట్లలో బంతిని బంతి అని రాయరు, గోళాకార వస్తువు అని రాస్తారు. అందుకే పదాల కన్నా, పేటెంట్లని విషయాన్ని బట్టి విడదీసే వర్గీకరణ కోడ్‌లు నమ్ముకోవాలి. నా సీల్ లాంటివి ఎఫ్16జె కింద ఉంటాయి, పంపులు ఎఫ్04 కింద. ఇవి అలవాటైతే లక్షల పత్రాల్లోంచి కావలసినవి ఏరుకోవడం ఒక విద్యలా పట్టుబడుతుంది. ఒక కొత్త వస్తువుని మార్కెట్లోకి వదిలే ముందు ఎవరి పేటెంట్‌కైనా తగులుతుందా అని చూసే పని కూడా ఇందులోదే, దాంట్లో తప్పు జరిగితే కంపెనీకి నష్టం చాలా పెద్దది.

తర్వాత డ్రాఫ్టింగ్, ప్రాసిక్యూషన్, అంటే దరఖాస్తు రాయడం, ఎగ్జామినర్ అభ్యంతరాలకి జవాబిస్తూ దాన్ని నడిపించడం. నేను చేసేది ఇదే. ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆవిష్కర్తలతో కాల్. వాళ్లకి ఏది గొప్పదో వాళ్లకే తెలియదు చాలాసార్లు. ఒకాయన గంటసేపు తన అల్గారిథమ్ గురించి చెప్పి, ఆఖర్లో ఫోన్ పెట్టేసే ముందు "మోటార్ వేడికి రీడింగ్ మారిపోతుంటే సెన్సర్‌ని తిరగేసి వెనక వైపు పెట్టాం లెండి" అన్నారు. నేను మళ్లీ కూర్చోబెట్టాను. అల్గారిథమ్ అంతకుముందే పుస్తకాల్లో ఉంది, ఆ సెన్సర్‌ని తిరగెయ్యడం ఎక్కడా లేదు. మొదటి క్లెయిమ్ దాని మీదే రాశాం. ఇలాంటి మాట పట్టుకోవాలంటే యంత్రం అర్థమవ్వాలి, అందుకే ఈ పనికి ఇంజనీర్లు కావాలి.

పేటెంట్ ఆఫీసులో ఎగ్జామినర్‌గా ఉండటం ఇంకో దారి, అది ప్రభుత్వ ఉద్యోగం, మన దగ్గర పోటీ పరీక్ష ద్వారా తీసుకుంటారు. పెద్ద కంపెనీల్లో సొంత పేటెంట్ టీములు ఉంటాయి. యూనివర్సిటీల్లో పరిశోధనల్ని కంపెనీలకి లైసెన్స్ ఇప్పించే ఆఫీసులు ఉంటాయి, మనుషులతో మాట్లాడటం ఇష్టమైనవాళ్లకి అవి బాగుంటాయి.

లా డిగ్రీ కావాలా? మొదలుపెట్టడానికి అక్కర్లేదు. భారతదేశంలో పేటెంట్ ఏజెంట్ పరీక్షకి సైన్స్, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ, 21 ఏళ్లు నిండటం, భారత పౌరసత్వం ఉండాలి. రెండు పేపర్లు, ఒక వైవా. చట్టాన్ని బట్టీ పడితే మొదటి పేపర్ గట్టెక్కచ్చు, డ్రాఫ్టింగ్ అడిగే రెండో పేపర్‌కి రాసి రాసి చెయ్యి తిరగాలి. అమెరికాలో పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్షలో 100 ప్రశ్నలు, 6 గంటలు. అక్కడా ఏజెంట్ కావడానికి సాంకేతిక చదువు చాలు. యూరప్‌లో సాధారణంగా మూడేళ్లు ఒక అటార్నీ దగ్గర పని నేర్చుకున్నాక గానీ చివరి పరీక్షలకి కూర్చోనివ్వరు. కోర్టులో వాదించాలంటే మాత్రం లా తప్పనిసరి. నా సలహా, ముందు రెండేళ్లు పని చెయ్యండి, కోర్టు వైపు మనసు లాగుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. రోజంతా చదవడం, రాయడం. గడువు తప్పితే ఒక్కోసారి హక్కే పోతుంది, ఆ ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. చేతులతో ఏదైనా తయారు చెయ్యాలని ఉండేవాళ్లకి వెలితిగా ఉండొచ్చు, నాకూ మొదటి ఏడాది అనిపించింది. అప్పుడు నాకు ధైర్యమిచ్చింది చెస్టర్ కార్ల్‌సన్ జీవితం. ఫిజిక్స్ చదివి, న్యూయార్క్‌లో ఒక కంపెనీ పేటెంట్ విభాగంలో పని చేస్తూ, రాత్రుళ్లు లా చదువుకున్నాడు. పేటెంట్ పత్రాల కాపీలు చేతితో, టైపుతో తీయలేక విసిగిపోయి పొడి పద్ధతిలో కాపీ తీయడం కనిపెట్టాడు. 1937లోనే మొదటి దరఖాస్తు వేశాడు, మొదటి కాపీ 1938 అక్టోబర్ 22న వచ్చింది. ఇవాళ జిరాక్స్ అంటున్నది అదే. చాలా కంపెనీలు ఏళ్ల తరబడి కాదన్నా ఆయన దగ్గర పేటెంట్లు ఉన్నాయి, వాటిని ఎలా రాయాలో ఆయనకి తెలుసు.

ఇది మీకు సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి కోర్సులకి డబ్బు కట్టే ముందు ఒక పని చెయ్యండి. గూగుల్ పేటెంట్స్, ఎస్పాస్‌నెట్, పేటెంట్‌స్కోప్ అని పేటెంట్లు వెతుక్కునే సైట్లున్నాయి, అన్నీ ఉచితం. మీ బ్రాంచికి సంబంధించి మీకు బాగా తెలిసిన ఒక వస్తువు మీద పేటెంట్ తీసి, వివరణ వదిలేసి నేరుగా మొదటి క్లెయిమ్ చదవండి. ఒక్కో భాగాన్ని ఒక్కో లైన్‌గా విడగొట్టి, ఈ లైన్ తీసేస్తే ఏ పాత వస్తువు లోపలికొస్తుందో పక్కన రాయండి. రెండు మూడు అలా చేశాక మీ ప్రాజెక్ట్‌కి మీరే ఒక క్లెయిమ్ రాసి, మీ టీమ్‌లోనే ఉన్న ఒకరికిచ్చి, దీన్ని తప్పించుకుంటూ ఇదే పని చేసే వస్తువు ఎలా చేస్తావో చెప్పమనండి. పది నిమిషాల్లో ఒక దారి చూపిస్తారు. ఏ పదం దగ్గర దారి దొరికిందో అక్కడ సరిచేసి మళ్లీ ఇవ్వండి.